పిడికెడు నేల ఉసిరి

బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పొద్దుటి భోంగ, అదే సైరన్, ఇంకా మోగలేదు. చెరుకు తోట గట్టు మీద ఎవరో ముసలమ్మ వంగి కనిపించేసరికి కావలి భోజన్నకు ఒళ్ళు మండింది.

చెరుకు గడలు మాయమవుతున్నాయని నిన్ననే పటేలు నలుగురి ముందు చెడామడా తిట్టాడు.

ఇంటి దగ్గర చూస్తే బిడ్డ కామెర్లతో మంచం పట్టింది. సూదులు వేయించినా కళ్ళ పచ్చదనం దిగలేదు. దక్కుతుందో లేదోనన్న బెంగతో మంచె మీద అతనికి రాత్రంతా కన్ను మూతపడలేదు.

"ఎవరే అది?"

ముసలమ్మ నడుము ఎత్తి అతనివైపు చూసింది.

"నిన్నే! ఏ ఊరు నీది?"

ముసలమ్మ పెదవులు బిగించి, వద్దన్నట్టు చెయ్యి ఊపింది. రెండో చెయ్యి కొంగు కింద దాచుకుంది.

"దాస్తున్నవా? తియ్, సూపియ్!"

పిడికిలి విప్పించాడు. వేళ్ళతో సహా పీకిన నేల ఉసిరి మొక్కలు. గట్ల మీద ఎక్కడపడితే అక్కడ మొలిచేవే.

"గడ్డి పీకెతందుకు గింత పొద్దుగాల వస్తరా? గడలు మోసెటోళ్ళు ఏడున్నరు?"

ఆమె ఊరివైపు వేలు చూపి దండం పెట్టింది.

"నోరెట్ల రాదో సూస్త!"

పటేలు మీద చూపలేని కోపమంతా ముసలిదాని మీద చూపించాడు. కర్ర కాళ్ళ మీద పడింది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ మొండితనం చూసి అతనికి కసి రేగింది. ఈసారి మోకాలి చిప్ప చూసి కొట్టాడు.

"అవ్వా!"

భోజన్న నవ్వాడు. "వచ్చిందా మాట?"

ముసలమ్మ చేతిలోని మొక్కలను చూసుకుని, నేల మీద వదిలేసింది. కూలబడి ఏడ్చింది.

"దొంగేడుపులు నా తాన నడువయి."

"దెబ్బలకు గాదు కొడుకా. ఇగ నాతోని ఏం గాదు."

కుంటుకుంటూ పక్కనున్న వర్ని ఊరి బాట పట్టింది. భోజన్న ఆ మొక్కలను కాలితో కాలువలోకి తోశాడు. పటేలుకు చెప్పుకోవడానికి ముచ్చట దొరికిందని సంబరపడ్డాడు.

ఇంటికి వచ్చేసరికి పెళ్ళాం అంజవ్వ రోలు కడిగి, మేకపాలు దగ్గర పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. లోపల బిడ్డ పిలిచినా పలకడం లేదు.

"అవ్వ కనవడ్డదా?"

"ఏ అవ్వ?"

"నువ్వు కావలికి పోయినంక మా అన్న వర్ని నుంచి తోలుకొచ్చిండు. మన బిడ్డకు మందాకు తెస్తనని చీకట్లనే పోయింది. బిడ్డకు తాపేదాంక నోరిప్పదట, ఇప్పితే మల్ల ఆమె చేతి మందు మన బిడ్డకు పనిజెయ్యదట."