పాపకీ ఎముకకీ పోటీ

కాన్పయిన పద్దెనిమిదో రోజు ఉయ్యాలలోంచి పాపని ఎత్తుకోబోతూ నీలవేణి తుంటి ఎముక విరిగి కూలబడింది. కడుపులోని బిడ్డకి బలమంతా ధారపోసి ఎముకలు గుల్లబారాయంది డాక్టరు. అందరికీ వేస్తున్నట్టే, మెల్లగా ఎముకగా మారిపోయే కడ్డీ వేసి ఆపరేషన్ చేసింది. ఎంత బరువు ఎత్తవచ్చో ఆ కడ్డీయే రోజూ ఫోనులో చెబుతుంది.

మర్నాడే ఇంటికి పంపి, నడవమంది డాక్టరు.

"పచ్చి బాలింత మంచం దిగడమేమిటమ్మా?" అంది అత్త కనకరత్నం.

"దిగకపోతే ఎముక గట్టిపడదు అత్తయ్యా," అంటూ నీలవేణి వాకర్ పట్టుకుని, పళ్ళు బిగించి వంటింటిదాకా వెళ్ళొచ్చింది.

రెండు నెలలకి వాకర్ వదిలేసింది. పాపని మాత్రం ఎత్తుకోకూడదు. కడ్డీ నాలుగు కిలోలన్నప్పటికి పాప నాలుగున్నర తూగింది. ఐదన్నప్పటికి ఐదుంపావు.

"నీ పాలు తాగి నిన్నే ఓడిస్తోంది," అని అత్త నవ్వింది.

"తాగనివ్వండి. నేనూ ఇంకో వీధి ఎక్కువ నడుస్తాను."

ఆపరేషనయిన తొంభయ్యో రోజు పొద్దున ఫోను ఆరున్నర కిలోలంది. అత్త పాపని తూచింది. ఆరుంపావు. తెచ్చి కోడలి చేతుల్లో పెట్టింది.

చాలాసేపటికి, "ఇటివ్వమ్మా, నీళ్ళు పోయాలి," అంది.

"ఇవాళ నేను పోస్తాను," అంటూ నీలవేణి పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, పాపని వాటిమీద పడుకోబెట్టుకుంది.