అంగుళం జుట్టు

అక్క తల మీద అంగుళం మేర జుట్టు ఉంది.

నల్లగా, ఒత్తుగా, కొత్తగా.

చెల్లెలు పార్లర్ తలుపు తీసి, లోపలికి అడుగు పెట్టడం మరిచిపోయి నిలబడిపోయింది.

అద్దం ముందు కూర్చున్నావిడకి అక్క జుట్టు కత్తిరిస్తోంది. తలకి గుడ్డ లేదు. నాలుగు నెలల క్రితం చెల్లెలు వచ్చినప్పుడు గుడ్డ కట్టుకునే పనిచేసేది. తనకే జుట్టు లేనిది మనకేం కత్తిరిస్తుందన్నట్టు వచ్చినవాళ్ళు ఎగాదిగా చూసేవాళ్ళు.

"ఏంటే, దయ్యాన్ని చూసినట్టు అలా చూస్తావ్? బాగుందా లేదా చెప్పు."

చెల్లెలు తలుపు మూసి లోపలికి వచ్చింది.

క్యాన్సర్‌కి మూడు వారాలకో ఇంజెక్షన్ పడుతున్న మనిషికి జుట్టు అంత ఒత్తుగా రాదు. ఆ సంగతి చెల్లెలికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పదహారేళ్ళుగా ల్యాబ్‌లో రొమ్ము క్యాన్సర్ కణాల్ని ప్లాస్టిక్ గిన్నెల్లో పెంచుతోంది. వాటికి మేత వేయాలి, మందు వేయాలి, ఎన్ని చచ్చాయో ఎన్ని బతికాయో చూడాలి. అదీ ఉద్యోగం.

కుర్చీలో ఆవిడ లేచి వెళ్ళేదాకా ఆగింది.

"అక్కా, ఆఖరి ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నావ్?"

అక్క దువ్వెనకి చిక్కిన వెంట్రుకలు లాగుతూ నవ్వింది.

"రెండోదాంతో ఆపేశా. ఫోన్లో చెబితే నా మీద ఎగిరిపడతావని చెప్పలేదు."

"ఆపేశావా! ఎందుకక్కా?"

"మందు దొరికింది కదా మరి."

సొరుగు లాగి చూపించింది. విటమిన్ సి మాత్రలు. చిన్నా చితకా డబ్బా కాదు, పెద్దది.

"పూటకి నాలుగు. నువ్వు చెప్పిందేగా!"

అవును. చెప్పింది.

నాలుగు నెలల క్రితం, తను పనిచేసే ఊరికి తిరిగి వెళ్ళిన వారంలోనే, ఒక సోమవారం పొద్దున మైక్రోస్కోపులో చూస్తే కణాలన్నీ అడుగు నుంచి ఊడి తేలుతున్నాయి. ముందు రోజు వేసింది ఉత్త విటమిన్ సి. ఆమె సంతోషానికి పట్టపగ్గాల్లేవు. పై అధికారి మేడమ్‌కి కూడా చెప్పకముందే అక్కకి ఫోటో పంపింది.

"చూడు అక్కా, విటమిన్ సి వేస్తే ఒక్కటీ మిగల్లేదు!"

రెండో ఇంజెక్షన్‌కి వాంతులతో మంచం పట్టిన అక్క, ఆ ఫోటో చూసి ఫోన్లోనే ఏడ్చేసింది.

వారం తిరిగాక మేడమ్ ఇంకోసారి చేయమంది. ఈసారి విటమిన్ సితో పాటు ఒక ఎంజైమ్ కూడా వేయమంది.

కణాలు చెక్కు చెదరలేదు.

గిన్నెలోని ద్రవంలో కలిసిన విటమిన్ సి పెరాక్సైడ్ అనే విషాన్ని పుట్టించింది. కణాల్ని చంపింది అదే. ఆ ఎంజైమ్ పెరాక్సైడ్‌ని విరగ్గొట్టేసరికి అవి హాయిగా బతికాయి. ఆ ఎంజైమ్ మనిషి నెత్తురులో బోలెడంత ఉంటుంది.

"అనుకున్నదే. వేరే పని చూడు," అంది మేడమ్.

ఆ సాయంత్రం అక్కకి ఫోన్ చేసింది. అక్క గొంతులో ఎన్నాళ్ళకో హుషారు. నాలుగు ముద్దలు తిన్నానంది. చెప్పడానికి చెల్లెలికి మనసొప్పలేదు. ఎలాగూ ఇంజెక్షన్లు నడుస్తున్నాయి, మాత్రలు వేసుకుంటే ఏం పోయిందిలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

అబద్ధమైతే ఆడలేదు.

ఇప్పుడు పార్లర్‌లో నిలబడి అంతా చెప్పింది. గిన్నెలో జరిగేది వేరు, ఒంట్లో జరిగేది వేరు. మింగిన మాత్రల్లో ఒంటికి పట్టేది కొంతే, ఎక్కువైంది ఒంట్లో నిలవదు. గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

అక్క దువ్వెన పక్కన పెట్టింది.

"ఇదంతా నీకెప్పుడు తెలిసింది?"

"ఫోటో పంపిన వారానికి."

అక్క కుర్చీలో కూలబడింది. కాసేపటికి చంక పక్కన చెయ్యి వేసుకుంది.

"గడ్డ పెరిగిందే. అది చచ్చేముందు అలా వాస్తుందేమో అనుకున్నా."



మర్నాడే చెల్లెలు ఆమెని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. స్కాన్‌లన్నీ అయ్యి డాక్టర్ పిలిచేసరికి అయిదు రోజులు పట్టింది.

డాక్టర్ సినిమా రీళ్ళలాంటి నల్లటి ఫిల్ముల్ని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు. ఇంజెక్షన్లతో గడ్డను చిన్నది చేసి, ఆపైన కోసి తీసేద్దామన్నది ఆయనే. ఇప్పుడు ఆపరేషన్ ఊసే ఎత్తలేదు.

"కాలేయానికి పాకింది," అన్నాడు.

తర్వాత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"దారిలో పడిన వైద్యం అమ్మా ఇది. ఆపేయమని మీకెవరు చెప్పారు?"



"ఎవరూ చెప్పలేదండీ," అంది అక్క. "జుట్టు ఊడిపోతోందని నేనే మానేశా. నా పనే జుట్టుతో కదండీ."

డాక్టర్ నిట్టూర్చి చెల్లెలి వైపు తిరిగాడు.

"చదువుకున్నవాళ్ళలా ఉన్నారు. మీరైనా చెప్పొద్దా?"

"దాన్నేమీ అనకండి డాక్టర్ గారూ. దానికేం తెలుసు, చిన్నది," అంది అక్క.

నలభై రెండేళ్ళ చెల్లెలు ఈసారి కూడా నోరు విప్పలేదు.