కెమెరా పక్క కుర్చీ

"కట్!"

ప్రొడ్యూసర్ అరిచిన అరుపుకి కెమెరా కూడా ఉలిక్కిపడింది.

"అమ్మా, మళ్ళీ మీ గొంతు పడింది!"

కెమెరా పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడ నాలిక్కరుచుకుంది. ఎదురుగా ఇంటర్వ్యూ ఇస్తున్న డాక్యుమెంటరీ దర్శకుడిగారి అక్కగారట.

"నోరు ఊరుకోలేదు నాయనా. మొదటిరోజు కెమెరా మూత తియ్యకుండానే పెళ్ళంతా తీశావట కదరా, అని అడిగానంతే."

ఆ ప్రశ్నకి దర్శకుడు పకపకా నవ్వి నాలుగు నిమిషాలు గలగలా చెప్పాడు. ఏం లాభం? టీవీలో ఆయన గొంతు తప్ప ఇంకో గొంతు వినపడకూడదు.

"అది చెరిపెయ్. మెమరీ కార్డులో చోటు లేదు."

"బాగా వచ్చింది సార్..." కెమెరామన్ నసిగాడు.

"చెరిపెయ్యమన్నానా!"

తర్వాత ప్రొడ్యూసర్ ఆవిడకి చేతులు జోడించాడు. "తల్లీ, తమరు బయటికెళితే మాకు పుణ్యం."

"ఆవిడ ఉంటేనే..." దర్శకుడు లేవబోయాడు.

"కదలకండి సార్, మైకు ఊడుతుంది!"

"కూర్చోరా. నాకూ బస్సు వేళయిందిలే," అంటూ ఆవిడ చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆరింటికి ప్రసారం. అరగంట కార్యక్రమం. చేతిలో ఉన్నది గంట.

"మీ బాల్యం సార్?"

"మామూలే."

"స్ఫూర్తి?"

"చాలామంది."

"కష్టాలు?"

"పడ్డాం."

ప్రొడ్యూసర్‌కి ఒళ్ళు మండింది. ఈయన తీసేవి డాక్యుమెంటరీలా, మాటలు దాక్కునే 'దాక్కో'మెంటరీలా? ఇంతకన్నా పులి నోట్లో పన్ను పీకడం తేలిక!

ముప్పావుగంట గడిచింది. ప్రశ్నలు అయిదు పేజీలు, జవాబులు రెండు నిమిషాలు.

ఛానెల్ నుంచి ఫోను. "ఏమయ్యా, వస్తోందా?"

"వస్తోంది సార్, ఏడుపు."

ఫోను పెట్టేసి, ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"సార్, మీ సినిమాల్లో రాళ్ళు కూడా నోరు విప్పుతాయి. ఆ జైలు కాపలావాడు, ఇంట్లో పెళ్ళానికి కూడా చెప్పని మాట మీకు చెప్పి బావురుమన్నాడు. ఎలా మాట్లాడించారండీ బాబూ?"

దర్శకుడు ఖాళీ కుర్చీ వంక చూశాడు.

"నేనెక్కడ మాట్లాడించానయ్యా? ప్రశ్న అడగడం నాకు ఈనాటికీ చేతకాదు."

మెల్లగా మైకు ఊడదీసి ప్రొడ్యూసర్ చేతిలో పెట్టాడు.

"ముప్పై ఏళ్ళు కెమెరా పక్కన కూర్చుని ప్రతి ప్రశ్నా అడిగింది మా అక్క, ఆవిడ గొంతొక్కటీ కత్తిరించేసి జవాబులు ఉంచుకుంటే, అవే నా సినిమాలు."