నమ్మి మింగిన మాత్రలు

ఎల్లారావు విటమిన్-ఇ మాత్రల సీసాను తమ్ముడు నానాజీ మందుల షాపు బల్లమీద విసిరికొట్టాడు.

"నాన్నని తినేసిన ప్రోస్టేట్ కేన్సర్ నాకు రాదని ఆరేళ్లు మింగించేవు. వచ్చేసిందిరా!"

నానాజీ ముఖం పాలిపోయింది. "మంచిదనే ఇచ్చేనన్నియ్యా."

"ఏటి మంచి? ఇవి దాన్ని ఆపవట. పెద్ద పరిశోధనలో మింగినోళ్లకే కాస్త ఎక్కువొచ్చిందని డాక్టరు సెప్పేడు. అమ్మేవోడివి, నీకు తెలీదా?"

"తెలిత్తే నేనెందుకు మింగుతాను?" నానాజీ సొరుగులోంచి తన సీసా తీశాడు. అది సగం ఖాళీగా ఉంది.

ఎల్లారావు గొంతు తగ్గింది. "ఈ కేన్సరు తేల్చే రక్తపరీక్ష సేయించుకున్నావా?"

"లేదు. ఇవి ఏసుకుంటన్నాను కదా అని..."

ఎల్లారావుకు మళ్లీ ఒళ్లు మండింది. తమ్ముడి చెయ్యి పట్టుకుని బయటికి లాగాడు.

"షట్టరు దింపు. నాకింకా ముదరలేదన్నారు. నీ సంగతి ఈపూటే తేలాల."