పదకొండో వాయిదా

"కోర్టు ఖర్చులు మీ సొంత జేబులోంచి కట్టమని జడ్జిగారు ఆర్డరిచ్చి ఏడాదైంది. ఇంకా కట్టలేదు. ఇలాగైతే నల్లకోటు ఊడుతుందని వేరే చెప్పాలా?" అంది క్రమశిక్షణ సంఘం అధ్యక్షురాలు.

"కట్టను మేడమ్," అన్నాడు వకీలు.

"చిన్న మొత్తమే కదండీ. ఎందుకింత మొండితనం?"

ఆ ఆర్డరు వకీలుకు కంఠతా వచ్చు. 'కూతురికి జబ్బని అబద్ధమాడి వాయిదా అడిగినందుకు' అని మొదలవుతుంది. జడ్జిని అనడానికేం లేదు. అంతకుముందు పదిసార్లు అతను ఆ సాకే చెప్పాడు. టైఫాయిడ్, కామెర్లు, విరిగిన చెయ్యి, ఏదైనా తడుముకోకుండా చెప్పేవాడు. గుండ్రాయిలా ఉన్న కూతురు సాయంత్రం తలుపు తీస్తూ, "ఇవాళ నాకేం జబ్బు నాన్నా?" అని నవ్వేది.

పదకొండోసారి మాత్రం తడబడ్డాడు. జబ్బు పేరు చెప్పలేకపోయాడు. జడ్జి వాయిదా ఇవ్వలేదు. సాయంత్రం దాకా కేసు నడిపించి, ఆపైన ఖర్చులు వేశాడు.

"కడితే అది అబద్ధమని నేనే ఒప్పుకున్నట్టు," అన్నాడు వకీలు.

"నిజమైతే మీ అమ్మాయినే రమ్మనండి. ఆమె చెబితే వింటాం."

వకీలు కోటు విప్పి, మడతపెట్టి, బల్లమీద పెట్టాడు.

"ఆ సాయంత్రం ప్రాణం పోయేముందు కూడా అడిగింది మేడమ్. 'ఇవాళ నాకేం జబ్బని చెప్పావు నాన్నా?' అని. జలుబని చెప్పానన్నాను. ఆ రోజు నేనాడిన అబద్ధం అదొక్కటే. నమ్మింది."