సాధు పాము

"చూశావా, ఎంత సాధువో! మొదటిసారి పెంచుకునేవాళ్లకి ఇట్లాంటిదే తగుతుంది," అంటూ మేనమామ నయేలి చేతుల్లో విషం లేని బోవా పాము పిల్లను పెట్టాడు. వెరాక్రూజ్ సంతలో పాములమ్మే కొట్టు ఆయనది. పాము వద్దని అమ్మ కేకలేసినప్పుడు, "పిల్లకి హాని చెయ్యనిదాన్ని నేనే చూసి ఇస్తాలే" అని అడ్డుపడింది ఆయనొక్కడే.

"ఇంత చల్లగా ఉందేంటి మామయ్యా?"

"పామే గదే, వెచ్చగా ఉండటానికి రొట్టె అనుకున్నావా?"

నయేలి నవ్వుతూ దాన్ని ఎండలోకి తీసుకెళ్లి ఒళ్లో పెట్టుకుంది. ఒళ్లు వెచ్చబడేకొద్దీ పాము మెల్లగా కదిలింది, తల ఎత్తింది, చటుక్కున ఆమె మణికట్టు కరిచింది.

రక్తం తుడుచుకుంటూ, పాముతోనే ఆమె లోపలికి వచ్చేసరికి, మామయ్య చేపల పెట్టెలో ఐసు మీద నుంచి ఇంకో పిల్లను తీస్తున్నాడు.

"ఐసులో పెట్టి సాధువని అమ్ముతున్నావా?"

"కొత్తవాళ్లు కదలనిదాన్నే కోరుకుంటారే. అందరికీ ఇట్లాగే ఇస్తా."

"నాక్కూడానా మామయ్యా?"

ఆయన తల దించుకున్నాడు. "అమ్మకి చెప్పకు. కావాలంటే ఇంకోటి ఎంచుకో."

పెట్టెలో అన్నీ ఒకే తీరుగా కదలకుండా పడున్నాయి. నయేలి కరిచినదాన్నే శాలువాలో చుట్టుకుంది.

"ఇదే చాలు. ఇది కరుస్తుందని నాకిప్పుడు తెలుసు."