ఇన్సూరెన్స్ మనిషి

"మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమైనది" అని ఫోన్ మళ్ళీ చెప్పింది.

పూర్ణిమకు ఆ ఫోన్‌ను ఆసుపత్రి గోడకేసి కొట్టాలనిపించింది.

ఆమె మొయినాబాద్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్. సివిల్ పిల్లలకు తాండూరు నాపరాళ్ల గనులు చూపించడానికి పొద్దున్నే బయల్దేరింది. యూనివర్సిటీ అనుమతి ఉన్న స్టడీ ట్రిప్పు. విద్యార్థులందరికీ ఇన్సూరెన్స్ కూడా చేయించారు.

చేవెళ్ల రాకముందే డ్రైవర్ సాయిలు ఒక్కసారిగా బ్రేకు వేశాడు. బస్సు రోడ్డు దిగి పక్కకు ఒరిగింది. ఏం అడ్డం వచ్చిందో వెనక సీట్లో ఉన్న పూర్ణిమకు తెలియదు. చూసే తీరికా లేదు. భవిత అనే విద్యార్థిని కాలు విరిగింది. మిగతావాళ్లవి చిన్న దెబ్బలే. పూర్ణిమ దారిన పోయే కారును ఆపి, భవితను ఎక్కించుకుని చేవెళ్లకు తెచ్చింది.

చివరికి ఫోన్లో ఎవరో పలికారు.

"మేడం, స్టూడెంట్ గనుల దగ్గర పడిందా?"

"కాదు. తొవ్వల. బస్సులనే."

"అయితే ట్రిప్పు ఇంకా స్టార్ట్ కానట్టే కదా మేడం?"

"బస్సెక్కినంక స్టార్ట్ కాకపోతే ఇంకెప్పుడైతదయ్యా?"

"చెక్ చేస్తాం మేడం. మా మనిషి బయల్దేరాడు. వచ్చేస్తుంటాడు."

ఆ మనిషి కోసం ఆమె గేటు వైపు చూసి చూసి విసిగిపోయింది.

చాలాసేపటికి ఒక పెద్దాయన వరండాలోకి వచ్చాడు. ఉతికిన తెల్లచొక్కా. చంకలో రెక్సిన్ సంచి.

"కాలేజీ మేడం మీరేనా అమ్మా?"

"నేనే. ఇన్సూరెన్స్ కోసమే గద వచ్చింది?"

"అవునమ్మా. ఆ సంగతే జర..."

"ఇప్పుడా వచ్చేది? ఎన్ని ఫోన్లు చెయ్యాలె మీకు?"

పెద్దాయన తెల్లబోయాడు.

"పేరేంది?"

"అంతయ్య. ఒక్క మాట చెప్త అమ్మా..."

"మాటలు తర్వాత. ముందు ఈ పిల్లను ఎక్స్‌రేకు తీస్కపోవాలె. స్ట్రెచర్ నూకేటోళ్లు దొరుకుత లేరు. జర పట్టుండ్రి."

అంతయ్య సంచి గోడకు ఆనించి స్ట్రెచర్ పట్టాడు.

గడప దగ్గర చక్రం తట్టుకుంది. భవిత కెవ్వుమంది.

అంతయ్య ఒక చెయ్యి ఆమె కాలి కింద ఆసరాగా పెట్టి, రెండో చెయ్యి ఆమెకు అందించాడు.

"పట్టుకో బిడ్డా. ఎంత గట్టిగనన్న పట్టుకో."

భవిత గోళ్లు అతని మణికట్టులో దిగబడ్డాయి. పూర్ణిమ స్ట్రెచర్ నెట్టుకుంటూ ఎక్స్‌రే గది చేరేదాకా అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

నర్సు భవిత ప్యాంటు కత్తిరించింది. వేరే బట్టలు కావాలంది.

"బజార్ల ఒక నైటీ తెండ్రి" అంది పూర్ణిమ. "బిల్లు తీసుకోండ్రి. మీ ఆఫీసుల పెట్టుకోవచ్చు."

"సరే అమ్మా."

పెద్ద పెద్ద ఎర్రపూల నైటీ తెచ్చాడు. అంత నొప్పిలోనూ భవిత మొహం చిట్లించింది.

"ఇంతకన్న మంచిది దొరకలేదా?" అంది పూర్ణిమ.

"మా ముసల్ది గిట్లాంటివే ఏసుకుంటది అమ్మా. మెత్తగుంటదని తెచ్చిన."

పూర్ణిమ నెత్తి కొట్టుకుంది.

డాక్టర్ కోసం ఎదురుచూస్తున్నారు. అంతయ్య కాసేపు చేతులు నలుపుకుని మెల్లగా అడిగాడు.

"అమ్మా, ఈ ఇన్సూరెన్సుల అన్నీ వస్తయా?"

"అది మీరు చెప్పాలె! నన్నడుగుతరేంది?"

"నాకెట్ల తెలుస్తదమ్మా..."

అప్పటిదాకా బిగబట్టుకున్న కోపమంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"తెలవకపోతే ఎందుకొచ్చిండ్రు? మీ తీరే గంత! పాలసీ చేయించేటప్పుడు ఇంటి చుట్టూ తిరుగుతరు. ఆపదొస్తే మాత్రం ఆ రూల్, ఈ రూల్ అంటరు. అవతలోళ్లకు ఏం పోయిందో మీకేమన్న పట్టింపుంటదా?"

వరండాలో అందరూ ఇటే చూశారు. అంతయ్య తల దించుకున్నాడు.

డాక్టర్ వచ్చి, ఆపరేషన్ అవసరం లేదనీ, కట్టు కడితే అతుక్కుంటుందనీ చెప్పాడు. కట్టు వేయించుకుని భవిత కళ్లు మూసుకుంది. పూర్ణిమకు అప్పటికి గానీ ఊపిరి ఆడలేదు.

"ఇగ చెప్పుండ్రి. ఏమో చెప్తనన్నరు గద."

అంతయ్య భవిత వైపు చూశాడు. సంచి చంకన పెట్టుకున్నాడు.

"ఏం లేదమ్మా. పిల్లకు మంచిగైతది గద. గంతే చాలు. పోయొస్త."

"అరె, సంతకాలు? ఫోటోలు?"

అతను అప్పటికే మెట్లు దిగిపోయాడు.

'ఇట్లాంటోళ్లను పంపిస్తరు' అనుకుంటూ ఆమె పళ్లు నూరింది.

ఇంతలో ఫోన్ మోగింది.

"మేడం, ఇన్సూరెన్స్ నుంచి శ్యాంసుందర్‌ను. సారీ మేడం, ఇంకా మెహదీపట్నంలనే ఉన్న. ట్రాఫిక్..."

"మరి ఇప్పటిదాక ఇక్కడున్నాయన?"

"చేవెళ్లల మాకెవ్వరు లేరు మేడం."

పూర్ణిమ గేటు దాకా పరుగెత్తింది. రోడ్డు మీద అంతయ్య కనిపించలేదు. నుదుటికి కట్టుతో సాయిలు ఆటో దిగుతున్నాడు. పోలీస్ స్టేషన్ నుంచి ఇప్పుడే వదిలారట.

"మేడం, అంతయ్య అని ఒకాయన వచ్చిండా? నేనే పంపిన. కాలేజోళ్లకు ఇన్సూరెన్స్ ఉన్నది, పోయి మేడంను అడుగు అన్న."

"ఏం అడగనీకి? ఎవరు సాయిలూ ఆయన?"

సాయిలు ఆమెను వింతగా చూశాడు.

"చెప్పనే లేదా మేడం? పొద్దున మన బస్సు కింద పడి చచ్చిపోయిన పాడి బర్రె ఆయనదే."